నలుగురికీ ఒకే ఫ్యాను

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, లేడీస్ హాస్టల్ మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. మా గదికి నాలుగు మంచాలు, ఒక కిటికీ, ఒకే ఫ్యాను. నేను పీహెచ్‌డీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మిగతా ముగ్గురూ నాకంటే చిన్నవాళ్ళు. ఒకమ్మాయిది నల్గొండ దగ్గర పల్లె, సర్కారు కొలువు పరీక్షలకు చదివేది. ఇంకో అమ్మాయిది భీమవరం, సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకునేది. మూడో అమ్మాయిదీ నల్గొండ జిల్లాయే, ఎల్బీనగర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు.

నల్గొండ అమ్మాయికి ఫ్యాను ఐదులో తిరగాలి, కిటికీ తెరిచి ఉండాలి. కిటికీ తెరిస్తే సరూర్‌నగర్ చెరువు దోమలన్నీ తన కోసమే బయల్దేరతాయని భీమవరం అమ్మాయి భయం. డ్యూటీ నుంచి వచ్చిన నర్సమ్మాయికి లైటు ఆర్పాలి, నాకేమో లైటు కావాలి. ఇద్దరికి రాజీ కుదిర్చేసరికి మూడో మనిషి అలిగేది. నేనూ తక్కువదాన్ని కాదు. నోరు పెద్దది, ఓపిక చిన్నది.

"రోజంతా ఏం నూరుతవక్కా?" అని ఒకరోజు నల్గొండ అమ్మాయి అడిగితే, మెస్‌లోంచి స్టీలు గ్లాసులు తెచ్చి చూపించాను. నా పని స్పినెల్ ఆక్సైడ్ అనే పదార్థం మీద. లోహాల ఆక్సైడ్ పొడులు కలిపి, కల్వంలో నూరి, కొలిమిలో కాల్చి తయారుచేస్తాం. దాని లోపల పరమాణువులు బుల్లి అయస్కాంతాల్లా ఉంటాయి. పక్కది పైకి చూస్తే తను కిందికి చూడాలని ప్రతిదానికీ పట్టుదల. ఒక గ్లాసు నిలబెట్టి, పక్కన ఇంకోటి బోర్లించాను. ఆ రెండింటికీ పక్కనే ఉన్న మూడోది ఎలా పెట్టాలి? ఎలా పెట్టినా ఎవరో ఒకరితో పేచీ. నాలుగోది వచ్చినా అంతే. అందుకే అలాంటి కొన్ని పదార్థాలు ఎంత చల్లబరిచినా ఒక వరుసకు రావు, లోపల క్వాంటమ్ కదలిక ఆగదు. దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటారని చెప్పాను.

"గా పేరు పెట్టినాయన హాస్టల్ల ఉన్నడేమో," అంది.

నవ్వాను గానీ, నాకు నవ్వొచ్చే పరిస్థితి కాదది. నా సాంపిల్ ఆ కదలిక చూపించకుండా, గ్రాఫులో ఒకచోట మెలిక తిరిగి, గడ్డకట్టినట్టు నిలిచిపోయింది. "ఇది పదార్థం గుణం కాదమ్మా, తయారీలో తేడా," అన్నారు మా గైడు. స్పినెల్‌లో ఏ లోహం చోటు దానిది. తొందరగా చల్లారిస్తే ఒకదాని చోట్లో ఇంకోటి చేరుతుంది. అన్నీ తమ చోట్లలో ఉండి కూడా అయస్కాంతాలు కుదురుకోకపోతేనే అది నిజమైన ఫలితం. అంటే మళ్ళీ మొదటినుంచీ నూరి, కాల్చి, నిదానంగా చల్లార్చాలి. మెలిక పోతే థీసిస్. పోకపోతే ఇన్నేళ్ళ పనీ గంగపాలు. ఫెలోషిప్ అప్పటికే అయిపోవస్తోంది.

నూరీ నూరీ నా కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి చెయ్యి లేచేది కాదు. పొద్దున్నే భీమవరం అమ్మాయి నా జడ వేసేది, అదీ కళ్ళు లాగేలా బిగించి. నర్సమ్మాయి కాపడం పెడుతూ, "ఫ్యాను గాలి తగలనియ్యకక్కా, ఇంక పట్టుకుంటది," అంది. మే నెల ఎండల్లో ఫ్యాను ఆపమని ఆ ముగ్గురినీ ఏ మొహంతో అడుగుతాను? ఆ మాటే ఎత్తలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి దిండంతా చెమట. ఫ్యాను తిరగడం లేదు. కళ్ళు తెరవకుండానే కరెంటువాళ్ళను తిట్టడం మొదలుపెట్టాను. అంతలో పక్క గదిలోంచి టీవీ వినిపించింది. లేచి చూస్తే కిటికీ బార్లా తెరిచి ఉంది. దాని కింద ముగ్గురూ నేలమీద కూర్చుని, పరీక్షల పాత ప్రశ్నపత్రాలతో విసురుకుంటున్నారు.

"కరెంటేం పోలేదక్కా, మేమే బంద్ చేసినం," అంది నల్గొండ అమ్మాయి. "నీ భుజం మంచిగైతెనే గదా నూరుతవు."

"మరి దోమలు?" అన్నాను భీమవరం అమ్మాయితో.

"కుడితే కుట్టనివ్వండి అక్కా. ముందు మీ పొడి సంగతి చూసుకోండి."

నాకు ఏడుపొచ్చింది. ముఖం కడుక్కునే వంకతో బయటికి వెళ్ళాను. కొన్ని స్పినెల్‌లలో లోపలి పేచీ తీరడానికి స్ఫటికమే కాస్త ఒక పక్కకు వంగుతుందని చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నాకోసం మనుషులు అలా వంగుతారని ఎప్పుడూ అనుకోలేదు. ఆ ముగ్గురికీ కృతజ్ఞత ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

వాళ్ళకు ఒంటినిండా చెమటకాయలు లేచాయి. భుజం వదిలాక కూడా, "మళ్ళ నూరాల్సొస్తే ఎట్ల?" అని ఫ్యాను ఒకటి దాటనివ్వలేదు. నేను కూడా ఈసారి తొందరపడలేదు. కొలిమి పూర్తిగా చల్లారేదాకా దాని తలుపు ముట్టుకోలేదు.

సాంపిల్‌ను కొలతలకు వేరే ఊరు పంపాం. గ్రాఫు వచ్చిన సాయంత్రం గైడు ఫోన్ చేసి, "మెలిక లేదమ్మా," అన్నారు. ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడరు. గదికి వచ్చి చెప్పాను.

"అంటే కుదురుకోలే?" అంది నల్గొండ అమ్మాయి.

"లేదు. ఆఖరుదాకా కదులుతూనే ఉంది."

"అట్లుంటే మంచిదేనా?"

"చాలా మంచిది."

ఆమె లేచి ఫ్యాను ఐదులో పెట్టింది. దుప్పటి కింద నుంచి నర్సమ్మాయి లైటు మీద కూడా పనిలోపనిగా గొడవ మొదలుపెట్టింది. భీమవరం అమ్మాయి వెళ్ళి కిటికీ మూసేసి, వచ్చి తన మంచం మీద కూర్చుంది. నేను జడ విప్పుకుని ఆమె ముందు కూర్చున్నాను. నా చెయ్యి ఇప్పుడు లేస్తోందని ఆమెకు తెలుసు. అయినా దువ్వెన అందుకుంది.