లోయలో మోగిన రాయి

నా బుర్రలో ఉన్నది రాయేనని ఐదో తరగతిలో మాస్టారు తేల్చేశాక, మా నాన్న నన్ను దుర్గిలో శిల్పాల పనిలో పెట్టాడు. సరుకు ఎటూ సొంతమే కదా అనుకుని ఉంటాడు.

ఎనభైల్లో ఒకసారి చేతిపనుల ప్రదర్శనకని నన్నూ, నా భార్య అన్ననూ కొరియా పంపారు. వారం రోజులు పక్కపక్క బల్లల మీద నందులు చెక్కాం. జనమంతా బావ బల్ల దగ్గరే. నా దగ్గర ఆగినవాళ్ళు కూడా అక్కడ చోటు దొరికేదాకా ఆగినవాళ్ళే. అంత దూరం వెళ్ళినందుకు ఒక్కరన్నా నా పని మెచ్చుకుంటే చాలనిపించేది.

సెలవు రోజున మమ్మల్ని ఒక నేషనల్ పార్కులో కొండల నడుమ లోయకు తీసుకెళ్ళారు. రెండు పక్కలా నిటారు రాతికొండలు, ఎర్రబడ్డ ఆకులు, అడుగున గులకరాళ్ళు కనబడేంత తేట నీళ్ళు. మాఘం దాటితే మా వాగులో ఇసుకే. ఆ నీళ్ళను చూసినా నాకు కుళ్ళే పుట్టింది.

"ఊరికే పోతున్నయ్ బావా. మన బొల్లాపల్లి మెట్టకు మళ్ళిస్తే కంది పంటకైనా పనికొచ్చేయి," అన్నాను.

"చూడ్డానికొచ్చాం. నోరు మూసుకుని చూడరా," అన్నాడు బావ.

ఏటి ఒడ్డున చిన్న రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మంచి రాయి కనబడితే కొట్టి వినడం మా పనివాళ్ళ అలవాటు. గంటలా మోగితే పనికొస్తుంది, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. ఒక కుప్ప మీది నున్నటి రాయి తీసి, జేబులో ఉలితో కొట్టాను. ఖంగుమంది. ఇప్పుడన్నా నన్ను చూస్తారని తలెత్తాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఒక ముసలమ్మ కళ్ళల్లో నీళ్ళు. కూతురి జబ్బు తగ్గాలని మొక్కుకుని ఆమె అప్పుడే పెట్టిన రాయట అది. మా వెంట వచ్చిన దుబాసీ చెప్పాడు.

బావ నా చేతిలోంచి రాయి లాక్కుని, తిప్పి చూసి, బరువైన పక్క కిందికి వచ్చేలా మళ్ళీ కుప్ప మీద పెట్టాడు. మునుపటికన్నా నిలకడగా కూర్చుంది. ముసలమ్మ నడుం వంచి ఆయనకు దండం పెట్టింది. ఎవరో ఫొటో కూడా తీసి, తర్వాత బావకిచ్చారు. అందులో నాది మోచెయ్యి మాత్రం పడింది.

ఇంటికొచ్చాక నా భార్య ఆ ఫొటో పట్టుకుని ఒకటే మురిసిపోతోంది.

"ఆ రాయి నేను తియ్యబట్టే గదా మీ అన్నకంత పేరు," అన్నాను.

"చానా గొప్పపని చేశావులేయ్యా. కనపడ్డ రాయినల్లా కొట్టి ఇంటావుగా, మా అన్నను ఎవురన్నా మెచ్చుకునేటప్పుడు ఒకసారి నీ రొమ్ము మీద కొట్టుకుని ఇను, ఏం మోగుద్దో," అంది.