రెండు బిందెల గోరువెచ్చన

సగం కట్టెలతో నీళ్లు మరిగించే ఉపాయం నేను పదేళ్లకే కనిపెట్టాను. తుమ్మకట్టెల పొగ తగిలితే ఇప్పటికీ ఆ ఘనత గుర్తొస్తుంది.

కాలువ నీళ్లొచ్చిన కొత్తలో తుర్విహాళ అనే ఊళ్లో మాది కిరాణా కొట్టు. అర్ధసేరుకు అర్ధసేరు కలిపితే సేరని తెలిసినవాణ్ణి. మోకాళ్ల నొప్పులతో అవ్వ వేణ్ణీళ్లు కాచమంటే, రెండు బిందెలూ గోరువెచ్చనవగానే మంట ఆర్పి, రెండు గోరువెచ్చనలు కలిస్తే ఒక మరుగు అనుకుని గంగాళంలో కలిపేశాను.

అవ్వ చెయ్యి ముంచింది. "ఏందిరా సావుకారూ, గిట్ల సల్లగున్నయి?"

"రెండు బిందెలవ్వా! రెండింతలు కాగినయి."

"నీళ్లు రెండింతలైనయి. కాక ఏడికెళ్లొస్తదిరా, పిచ్చోడా!"

నవ్వుతూ, వణుకుతూ పోసుకుంది.

దిక్కుతో పనిలేని కొలతలు అదిశ రాశులనీ, వాటిలోనూ ఉష్ణోగ్రత నీళ్లలా కలిపితే పెరగదనీ తర్వాత బడిలో చదివాను.

నిజాయితీగా లెక్కకడితే, ఆ పొద్దు మిగిలినవి నాలుగు కట్టెలు. పోయింది, అవ్వ మోకాళ్లకు అందాల్సిన కాపడం.