మైకులో చెప్పిన భయం

మైకు కీచుమంటే చాలు, ఇప్పటికీ నా అరచేతులు చెమరుస్తాయి. మొన్న మార్కాపురం కోర్టు ఆవరణలో సభకు మైకు సరిచేస్తుంటే అలాగే అరిచింది. జనం వెనక కర్రలు పట్టుకున్నవాళ్లు ఉన్నారేమోనని వెతికాను.

ప్లీడరు సుబ్బన్నగారి దగ్గర నేను జూనియర్‌ని. కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజులవి. మా తాలూకాలింకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. సుబ్బన్నగారు మనిషి బక్కపలచన, గొంతు మాత్రం కంచు. మిగతా ప్లీడర్లు సాక్షులకు ధైర్యం నూరిపోస్తే ఈయన దారి వేరు. "భయమైతే భయమని జడ్జిగారికే చెప్పు. దాచినావంటే అవతల ప్లీడరు దాన్ని అబద్ధమంటాడు" అనేవారు.

ఆయన ఎమ్మెల్యే అయ్యాక, గిద్దలూరు వైపు ఒక పల్లెలో గొర్రెలు మేసే బీడుకు ఊరి పెద్ద కంచె వేసుకున్నాడు. ఆయన ఆ ఊళ్లో సభ పెట్టిన మర్నాడే తాసీల్దారు విచారణ. ఒక్కరైనా నోరు విప్పకపోతే బీడు పోయినట్టే. పోలీసులను వెంట తీసుకెళదామన్నాను. "వాళ్లు పొద్దుగూకితే పోతారబ్బీ. ఊరోళ్లు ఈడనే బతకాల గదా" అన్నారు. సభలో జనం వెనక ఊరి పెద్ద తాలూకు మనుషులు కర్రలతో నిలబడ్డారు. నేను ఆయన వెనక్కి జరిగాను. మైకు కీచుమంది.

"నాకు భయంగా ఉంది" అన్నారాయన, మైకులోనే. సిగ్గుతో చచ్చిపోయాను. ఉత్తరీయం లాగి, "సార్, మీరు ఎమ్మెల్యే!" అని గొణిగాను.

"మా జూనియర్‌కూ భయమే. ఎనక కర్రలు చూస్తే నా కాళ్లు వణుకుతుండాయి. రేపు బీడు సంగతి చెప్పండి. భయమైతే అదీ చెప్పండి. ఎవరిని చూసి భయమో, ఆ పేరూ రాయించండి."

వెనక కర్రలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. గొర్రెలు కాసే ఒక ముసలామె లేచింది. "నాకూ భయమే నాయనా. అయినా రేపొస్తా."

వచ్చింది, చెప్పింది. కంచె పోయింది. భయం మాత్రం పోలేదు. తర్వాత ఆయన జీపు మీద రాళ్లు పడ్డాయి. దోర్నాల అడవి దారిలో వెళ్లినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు. ఒక్క ప్రయాణమూ మానలేదు.

నిన్న బోనులో మా సాక్షి, చిన్న పిల్ల, గొంతు పెగలక నిలబడిపోయింది. అవతలి ప్లీడరు నవ్వాడు. జడ్జిగారి అనుమతి అడిగి, "భయమా తల్లీ?" అన్నాను. తలూపింది. "ఎవరిని చూసి?"

వేలెత్తి నా వెనక్కి చూపింది. తిరిగి చూడాలంటే నాకు కాళ్లు వణికాయి. పట్టుకోవడానికి పక్కన ఆయన చెయ్యి లేదు. "నాకూ భయమే తల్లీ" అని, తిరిగి చూశాను.