సంచి కుట్టే విధానం

ఆ రోజుల్లో నాకు ఒక్కచోట కూర్చోవడం చేతనయ్యేది కాదు. ఎనభైల్లో మా వైపు చిన్న చిన్న సిమెంటు ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. నరసరావుపేటలో కెమిస్ట్రీ డిగ్రీ ముగించి, మాచర్ల దగ్గర అలాంటి ఒకదాంట్లో ల్యాబ్ పనికి చేరాను. నాణ్యత ముద్ర లేని సంచిని కాంట్రాక్టర్లు ముట్టుకోవడం లేదని మా సేటు గారికి బెంగ. (బెంగ పట్టినప్పుడు ఆయన వరండాలో అటూ ఇటూ తిరిగేవారు. నేను ఏ బెంగా లేకుండానే తిరిగేదాన్ని.) ముద్ర కావాలంటే ఫ్యాక్టరీలో ఏ పని ఎలా చేస్తారో కాగితం మీద పెట్టి, తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరుకు చూపించాలట. ఇంగ్లీషు వచ్చిన పిల్లనని ఆ పని నా నెత్తిన పడింది.

ముందుగా సిమెంటును గోనెసంచుల్లోకి ఎత్తే చోటికి వెళ్లాను. అక్కడి పెద్దాయనను అందరూ సంచుల బాబాయ్ అనేవారు. పని ఎలా చేస్తారని అడిగితే, “నింపుతాం, తూస్తాం, కుడతాం. ఇంకేముందమ్మాయ్?” అన్నాడు. ఇంత చిన్న సంగతి చూసి ఇన్‌స్పెక్టరు ముద్ర ఎలా వేస్తాడా అని నాకు దిగులు పట్టుకుంది.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఎవరో, పని తక్కువున్నోళ్లను తీసెయ్యటానికే ఈ రాతలని పుకారు పుట్టించారు. అది నాదాకా రాలేదు. మర్నాడు బస్సు దిగేసరికి బాబాయ్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నిన్న సగమే చెప్పానని మొదలుపెట్టాడు. సంచిని ఎండకేసి పట్టి చిల్లులు చూడాలట, తిరగేసి దులపాలట, ఖాళీది ఒకసారి, నిండుది రెండుసార్లు తూచాలట, కుట్టాక ఎత్తి కుదేసి మూతి విడుతుందేమో చూడాలట. ఆయన వెనకే మిల్లువాళ్లు, బట్టీవాళ్లు వరసకట్టారు. మన ఫ్యాక్టరీలో ఇంత శాస్త్రం దాగి ఉందా అని పొంగిపోయి, కాలు నిలవకుండా ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి పరుగెత్తి అంతా రాసుకున్నాను. టైపు చేయించేసరికి ఫైలు ఇటుకంత మందం అయింది. ఇంజనీరు గారు దాన్ని చేత్తో తూచినట్టు పట్టుకుని, చదవకుండానే సంతకం పెట్టేశారు.

ఇన్‌స్పెక్టరు వచ్చారు. బక్కపలచటి మనిషి, నిదానస్తుడు. సంచుల దగ్గర కుర్చీ వేయించుకుని, తాను చదువుతుంటే అలాగే చేసి చూపించమన్నారు. బాబాయ్ సంచిని ఎండకు పట్టాడు, దులిపాడు, తూచాడు, మళ్లీ తూచాడు. ఎత్తి కుదేస్తే లేచిన దుమ్ములో కాసేపు ఎవరికీ ఎవరూ కనపడలేదు. గేటు బయట లారీలు నిలిచిపోయి హారన్లు కొడుతున్నాయి. సేటు గారు వరండా చాలక రోడ్డు దాకా నడిచి వస్తున్నారు. ముద్ర రాకపోతే ముందు పోయేది నా ఉద్యోగమే.

చాలాసేపటికి ఇన్‌స్పెక్టరు ఫైలు మూశారు. “రోజూ ఇట్లాగే చేస్తారా?” అన్నారు.

బాబాయ్ నా వంక చూసి తల దించుకున్నాడు. “లేదయ్యా. పని చానా ఉందని రాయించుకోకపోతే తీసేస్తారన్నారు.”

సేటు గారు నడక ఆపి (ఆయన నిలబడగా చూడటం నాకు అదే మొదలు), ఎవర్నీ తీసేది లేదని అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. చెప్పాక ఆయనకే ఆశ్చర్యం వేసినట్టుంది, నెమ్మదిగా మళ్లీ ఒకసారి చెప్పారు. ఇన్‌స్పెక్టరు ఫైలు నా చేతికిచ్చి, “చెయ్యనిది తీసెయ్యమ్మా, చేసేది ఉంచు. మళ్లీ వస్తాను” అని జీపు ఎక్కారు.

ఆయన మళ్లీ వచ్చేటప్పటికి ఫైలు పలచనైంది. ముద్రా వచ్చింది.

ఇప్పుడు మోకాళ్ల పుణ్యమా అని నాకు కూర్చోవడం బాగానే అలవాటైంది. కూర్చున్నప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది. జడ నిండా సిమెంటు దుమ్ముతో, పెన్సిలు కొరుకుతూ, కనపడినవాళ్ల వెంటల్లా పడి “తర్వాత? ఆ తర్వాత ఏం చేస్తారు?” అని అడుగుతూ ఉంటుంది. తర్వాత ఏమైందో నాకు తెలుసు. పిలిచి చెబుదామనిపిస్తుంది గానీ, ఆ పిల్ల నిలబడి వినే రకం కాదు.