పేరు చెప్పని గార్డియన్

హిందూపురంలో ధర్మవరం బస్సెక్కితే నా పక్కన ఒక పెద్దామె, కిటికీ దగ్గర ఆమె భర్త. ఆయన మగ్గం నేసేవాడంట. తలలో నరం చిట్లినప్పటి నుంచి ఎవరినీ గుర్తుపట్టడు, సంతకం పెట్టలేడు. అందుకే ఆయన వ్యవహారాలు చూసుకోమని కోర్టు ఆమెను గార్డియన్‌గా పెట్టి, ఎన్నో వాయిదాల తర్వాత ఆ రోజే ఆర్డరిచ్చింది.

"ఇన్నాళ్లు ఎందుకు పట్టిందమ్మా?" అన్నాను.

"జడ్జి సారు ఊరికే ఈయప్ప పేరు చెప్పమంటాడు నాయనా. మొగుని పేరు యాడన్నా చెప్తారా? కాయితంలో ఉండాది, చూసుకో సారూ అంటి. లాయరు తల పట్టుకున్యాడు."

"ఇప్పుడు అంతా మీ చేతిలోనే కదా. పేరు పెట్టి పిలవచ్చులే."

"సంతకాలు పెడతా గానీ, పేరు మాత్రం చెప్పను!"

పెనుకొండలో నేను నీళ్ల సీసా కోసం దిగాను. ఆమె కునుకు తీస్తుండగా ఆయనా దిగి, ఎదురుగా కదలబోతున్న మడకశిర బస్సు వైపు నడిచాడు. ఆమె ఉలిక్కిపడి లేచి, కిటికీలోంచి "ఏమప్పో!" అని కేకేసింది. బస్టాండులోని మగాళ్లంతా తిరిగి చూశాం, ఆయన తప్ప. ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని ఆయన పేరు అరిచింది.

ఆయన గిర్రున తిరిగాడు. "మొగున్ని బజార్లో పేరు పెట్టి పిలుస్తావేమే! సిగ్గు లేదా?"

నేను ఆయన చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. కాసేపటికి ఆయన చూపు మళ్లీ ఎటో పోయింది. ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని, ఆయన చెవి దగ్గరికి వంగి ఆ పేరు మళ్లీ పలికింది.

ధర్మవరం దాకా తిట్లు తింటూనే ఉంది.