మల్లవ్వ ముందు తిన్న కూర

నాచారం పాత ఊళ్లో మల్లవ్వ పుట్టగొడుగుల కూర వండిందంటే పొద్దుగూకేసరికి పక్కిళ్లవాళ్లు గిన్నెలు పట్టుకొని వచ్చేవాళ్లు. మొదటి ఉరుములు ఉరిమిన మర్నాడే ఆమె తమ మెట్టచేను, ఆ చెలకలోని చెదపుట్ట దగ్గర వాలేది. అత్త నేర్పిన గుర్తు ఒక్కటే. మంచి గొడుగును లాగితే కాడ వేరులా సాగి పుట్ట కడుపులోకి దిగి ఉండాలి. అలా లేనివన్నీ కుక్కగొడుగులే, ముట్టుకోకూడదు.

దానికి తోడు ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కోసుకొచ్చినామె ముందు తినాలి, తక్కినవాళ్లు పొద్దుగూకేదాకా ఆగాలి. పిల్లలు ఎంత ఏడ్చి గోల చేసినా మల్లవ్వ కరిగేది కాదు. అంత మొండి మనిషి.

తర్వాత చెలక అమ్ముడుపోయి ప్లాట్లయింది. పుట్టను చదును చేసి, ఎక్కడి మట్టో లారీల్లో తెచ్చి పోశారు. కొడుకు నాగేందర్ మల్లాపూర్‌లో లేత్ పనికి కుదిరాడు. మల్లవ్వ గొడుగుల మాటే మరిచిపోయింది.

2008 వానాకాలంలో కోడలు కల్పనకు ఐదో నెల. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. ఒకరోజు, "అత్తమ్మా, నువ్వు వండే పుట్టగొడుగుల కూర తినబుద్ధయితుంది" అంది. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగితే కాదనే మనసు ఎవరికుంటుంది? వాన వెలిసిన మర్నాడు మల్లవ్వ ప్లాట్ల వైపు నడిచింది.

పుట్ట ఉన్నచోటే, ఇంకా ఇల్లు కట్టని ప్లాటులో, తెల్లటి గొడుగులు కనిపించాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. వంగి ఒకటి లాగితే కాడ పుటుక్కున ఊడొచ్చింది. వేరు లేదు. చేయి ఆగింది. పైన పోసిన మట్టి మందం కదా, వేరు కిందే తెగిపోయి ఉంటుందని సర్దిచెప్పుకుంది. ఇన్నేళ్లు కూర పెట్టిన చోటును అనుమానించాలని ఆమెకు తోచలేదు. కొంగు నిండా కోసుకొచ్చింది.

ఆదివారం కావడంతో నాగేందర్ ఇంట్లోనే ఉన్నాడు. కూర వాసనకు కల్పన పళ్లెం ముందేసుకొని కూర్చుంది. మల్లవ్వ తన పళ్లెంలోనే వడ్డించుకుంది.

"నువ్వు పొద్దుగూకినంక తిను బిడ్డా."

కల్పన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాగేందర్‌కు ఒళ్లు మండింది. "కడుపుతోని ఉన్నదాన్ని ముందల కూసోవెట్టుకొని నువ్వు తింటవా? ఏం మనిషివే అమ్మా! జరంత పెడితే ఏమైతది?"

మల్లవ్వ చేయి గరిటె మీదికి వెళ్లింది. రెండు ముక్కలే కదా అనిపించింది. నిజంగానే అనిపించింది. కానీ అత్త మాట దాటలేక చేయి వెనక్కి తీసుకొని, తల దించుకొని తినేసింది.

అన్నం తిన్న కాసేపటికే వాంతులు పట్టుకున్నాయి. కడుపులో పేగులు మెలిపెట్టినట్టయి నేల మీద పడి దొర్లింది. ఆ బాధలోనూ, "కూర బొందల పూడ్సున్రి, కుక్కలు గూడ ముట్టొద్దు" అని అరిచింది. నాగేందర్ 108కి ఫోన్ చేశాడు.

దవాఖానాలో గండం గడిచింది. ఎవరెవరు తిన్నారని డాక్టరమ్మ అడిగితే, మల్లవ్వ కాస్త గర్వంగానే తమ కట్టుబాటు చెప్పింది. డాక్టరమ్మ ముఖం మాత్రం విప్పారలేదు.

"ఇది వెంటనే బయటపడే రకం కాబట్టి సరిపోయింది. ప్రాణాలు తీసేవి కొన్ని మర్నాటిదాకా ఏమీ తెలియనివ్వవు. అదే అయితే సాయంత్రానికి మీరు బాగానే ఉండేవారు. ఈ అమ్మాయి కడుపునిండా తినేది."

మల్లవ్వ కోడలి కడుపు వైపు ఒకసారి చూసి, ముఖం గోడవైపు తిప్పుకుంది.

కల్పనకు ఆడపిల్ల పుట్టింది. మరుసటి ఏడు ఉరుములు మొదలైనప్పుడు కల్పన అత్త పక్కన వచ్చి కూర్చుంది. "అత్తమ్మా, మంచియేవో చెడ్డయేవో నాకు గూడ నేర్పు. గా తెలివి నీతోనే పోవద్దు."

"ఏం నేర్పాలె బిడ్డా? నేను గొడుగుల్ని గుర్తువట్టలే. మా చెలకను గుర్తువట్టిన. గా పుట్ట లేదు, గా మట్టి మాది గాదు. ఇగ నాకేం తెల్వదు. మీరెవ్వరు ముట్టకున్రి."

చెలక అమ్మిననాడు కంటతడి పెట్టని మల్లవ్వ, మనవరాలిని ఒళ్లో పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది.