నిద్రకు లేదు, స్టేకి ఉంది

పొద్దున్నుంచి ఒకటే ఉక్క, ఆకు కదల్లేదు. నారుమడికి నీళ్లు కట్టి, మధ్యాహ్నం మా పెద్దమ్మను తీసుకుని సబ్బవరం అవతల కొండమీది పాత రాతిగుడికి వెళ్లాను. కూతురి పురుడు క్షేమంగా జరిగితే ఆ గుడి ముందు ఒక రాత్రి నిద్ర చేస్తానని ఆమె మొక్కుకుంది. పురుడై నెల దాటింది.

సాయంత్రం కాపలాదారు వచ్చి మా చాప చూశాడు. సంచి విప్పించి, అడుగున గునపం ఉందేమోనని తడిమాడు.

“మొన్నెవడో నిధి కోసం నంది కింద తవ్వీసినాడు మామ్మా. నిద్రా లేదు, గిద్రా లేదు. ఆరింటికి గేటేసేత్తాను.”

“ఒక్క రాత్రే బాబూ. తెల్లారగానే దిగిపోతాం,” అంది పెద్దమ్మ.

“కుదర్దు.”

గుడి పక్క చదునులో నలుగురు టెంట్లు వేస్తున్నారు. పెద్దమ్మ అటు చెయ్యి చూపించింది. “మరి ఆల్లేటి?”

“ఆల్లది నైట్ స్టే. ఆన్‌లైన్‌లో పర్మిషన్ తీసుకున్నారు.”

“స్టే అంటే పడుకోరేటి?”

“పడుకుంటారు గానీ, అది నిద్ర కాదు మామ్మా.”

కాపలా వద్దని నేను అనను, ఆ రాళ్లు మిగలాలి. కానీ వాళ్ల దగ్గర మేకులు కొట్టే సుత్తీ, మూడు పెద్ద బ్యాగులూ ఉన్నాయి. వాటిని అతను ముట్టుకోలేదు. తవ్వేవాడు చాపతో వస్తాడో, సామానుతో వస్తాడో మీరే చెప్పండి.

మొక్కు అలాగే ఉంది. ఆరుకు పది నిమిషాల ముందు పెద్దమ్మా నేనూ కొండ దిగాం. టెంట్ల వాళ్లు ఉండిపోయారు.